ఈఎంసీ టెస్టులో బోర్డు ఎందుకు ఫెయిలవుతుంది, సీఈ గుర్తు నిజంగా ఏం చెబుతుంది

వేల్స్‌లో అబర్‌హోసన్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడ 18 నెలల పాటు రోజూ పొద్దున్న ఏడయ్యేసరికి ఊరంతా బ్రాడ్‌బ్యాండ్ దెబ్బతినేది. కేబుళ్ళు మార్చి చూశారు, ఫలితం లేదు. చివరికి ఇంజనీర్లు తెల్లవారుజామునే, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్ పట్టుకుని ఊళ్ళో తిరిగారు. సరిగ్గా ఏడింటికి ఒక ఇంటి వైపు నుంచి పెద్ద ఎత్తున ఎలక్ట్రికల్ నాయిస్ లేచింది. ఆ ఇంట్లో రోజూ ఆ వేళకి ఆన్ చేసే పాత సెకండ్‌హ్యాండ్ టీవీయే దానికి కారణం. 2020 సెప్టెంబరులో ఈ సంగతి చాలా దేశాల పత్రికల్లో వచ్చింది.

ఆ టీవీ చూసేవాళ్ళకి అందులో ఏ లోపమూ కనబడలేదు. బొమ్మ వచ్చేది, మాట వినబడేది. దాని లోపం ఊళ్ళో మిగతావాళ్ళ ఇంటర్నెట్‌లో బయటపడింది. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో మామూలు లోపాలు కొన్నవాళ్ళని బాధిస్తాయి, వాళ్ళు వెనక్కి తెచ్చి ఇస్తారు, కంపెనీ దిద్దుకుంటుంది. ఈ రకం లోపం మాత్రం ఆ వస్తువుతో ఏ సంబంధమూ లేనివాళ్ళని బాధిస్తుంది. ఎవరి మీద ఫిర్యాదు చేయాలో కూడా వాళ్ళకి తెలియదు. మార్కెట్ తనంతట తాను సరిచేయలేని లోపం ఇది, అందుకే ఇందులో చట్టం కలగజేసుకుంది. ఇలాంటి నాయిస్‌ని అదుపులో పెట్టే ఈఎంసీ నిబంధనల చిట్టా చూసి విసుక్కునే డిజైనర్లు చాలామందే ఉంటారు. ఆ నిబంధనలు ఎవరికోసం పుట్టాయో తెలిస్తే ఆ విసుగు చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం.

ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు

ఈఎంసీ, అంటే ఎలక్ట్రోమాగ్నెటిక్ కంపాటిబిలిటీలో రెండు షరతులున్నాయి. ఒక పరికరం చుట్టుపక్కల వాటిని చెడగొట్టేంత నాయిస్ బయటికి వదలకూడదు. దీన్ని ఎమిషన్ వైపు అంటారు. చుట్టుపక్కల మామూలుగా ఉండే నాయిస్‌కి తను చెడిపోకూడదు. ఇది ఇమ్యూనిటీ వైపు.

ఈ రెండింటి అంకెలు పక్కపక్కన పెడితే చాలామంది ఆశ్చర్యపోతారు. ఇళ్ళలో వాడే పరికరాలకి అంతర్జాతీయ ప్రమాణం సిస్పర్ 32 పెట్టిన హద్దు ప్రకారం, 30 నుంచి 230 మెగాహెర్ట్జ్ మధ్య, 10 మీటర్ల దూరంలో కొలిస్తే ఎలక్ట్రిక్ ఫీల్డ్ మీటరుకి సుమారు 32 మైక్రోవోల్టులు దాటకూడదు. అదే పరికరం ఇమ్యూనిటీ పరీక్షలో మీటరుకి 3 వోల్టుల ఫీల్డ్‌ని తట్టుకోవాలి. అంటే తను వదలగలిగేదానికి దాదాపు లక్ష రెట్లు తట్టుకోవాలి. ఒకే చట్టంలో ఇంత తేడా ఎందుకు?

ఎందుకంటే ఈ రెండు హద్దులు కాపాడేది వేర్వేరు వాటిని. ఎమిషన్ హద్దు రేడియో రిసీవర్ల కోసం పెట్టింది. ఎక్కడో దూరాన ఉన్న ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే మైక్రోవోల్టుల సిగ్నల్‌ని పట్టుకోవడమే రిసీవర్ పని. పక్కింటి ఎడాప్టర్ అదే ఫ్రీక్వెన్సీలో అదే స్థాయిలో గోల చేస్తే ఆ సిగ్నల్ మునిగిపోతుంది. ఇమ్యూనిటీ హద్దు మాత్రం లైసెన్సుతో, హక్కుగా ప్రసారం చేసేవాటిని దృష్టిలో పెట్టుకున్నది. 2 వాట్ల పీక్ పవర్‌తో పనిచేసే జీఎస్ఎం ఫోన్ ఒక మీటరు దూరంలో మీటరుకి 7 వోల్టులు పైబడిన ఫీల్డ్‌ని పుట్టించగలదు. ఫోన్ తప్పేమీ చేయడం లేదు, దాని పనే అది. కాబట్టి తట్టుకోవడం పక్కనున్న పరికరం బాధ్యత అవుతుంది.

2జీ రోజుల్లో ఫోన్‌ని స్పీకర్ పక్కన పెడితే, కాల్ రాబోయే ముందు బర్రుమని ఒక శబ్దం వచ్చేది గుర్తుందా? ఫోన్ ప్రసారం చేసేది 900 లేదా 1800 మెగాహెర్ట్జ్‌లో, మన చెవికి అది వినబడే ప్రశ్నే లేదు. కానీ జీఎస్ఎం ఫోన్ ఆగకుండా ప్రసారం చేయదు, సెకనుకి 217 విడతలుగా పంపుతుంది. ఆ రేడియో శక్తి వైర్ల గుండా స్పీకర్ యాంప్లిఫయర్‌లోకి దూరి, అక్కడి ట్రాన్సిస్టర్ జంక్షన్లలో రెక్టిఫై అయ్యేది. 900 మెగాహెర్ట్జ్ పోయి 217 హెర్ట్జ్ మోత మిగిలేది. ఇమ్యూనిటీ లోపం అంటే ఎలా ఉంటుందో కోట్లమంది చెవులారా విన్న సందర్భం అది.

స్పీకర్ బర్రుమంటే చిరాకుతో పోతుంది. 1990ల్లో అమెరికాలో కరెంటుతో నడిచే వీల్‌చైర్లు రేడియో సిగ్నళ్ళ ప్రభావంతో వాటంతట అవే కదిలిన ఫిర్యాదులు వచ్చాయి. మందులనీ వైద్య పరికరాలనీ నియంత్రించే అక్కడి ఎఫ్‌డీఏ వాటిని పరీక్షించి, మీటరుకి కనీసం 20 వోల్టుల ఫీల్డ్‌ని తట్టుకునేలా చేయాలని 1994లో తయారీదారులను కోరింది. అందులో కూర్చున్న మనిషిని తలుచుకుంటే ఇమ్యూనిటీ పరీక్షల్లో ఒక్కటి కూడా వృథా అనిపించదు.

అయిదు మైక్రోయాంపియర్లు

ఇప్పుడు అసలు చిక్కులోకి వద్దాం. పొందిగ్గా పనిచేస్తున్న బోర్డు, స్కీమాటిక్‌లో (సర్క్యూట్ పటంలో) ఏ తప్పూ లేనిది, ఈఎంసీ కొలిచే చాంబర్‌లో పెట్టగానే ఎందుకు ఫెయిలవుతుంది?

ముందు క్లాక్ సంగతి, అంటే చిప్‌ల పనికి లయ ఇచ్చే సిగ్నల్ సంగతి. బోర్డు మీద 8 మెగాహెర్ట్జ్ క్లాక్ ఉంటే, నాయిస్ కూడా 8 మెగాహెర్ట్జ్‌లోనే ఉంటుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. చతురస్రాకారపు వేవ్‌లో దాని గుణిజాలు, అంటే హార్మోనిక్స్, ఎన్నో ఉంటాయి. అవి ఎంత పైదాకా బలంగా ఉంటాయన్నది క్లాక్ వేగం కన్నా అంచు ఎంత నిటారుగా లేస్తుందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. సిగ్నల్ ఒక నానోసెకనులో పైకి లేస్తే, దాని హార్మోనిక్స్ సుమారు 318 మెగాహెర్ట్జ్ దాకా గట్టిగానే ఉండి, ఆ తర్వాత వేగంగా తగ్గుతాయి. క్లాక్ ట్రేస్ (బోర్డు మీద ఆ సిగ్నల్‌ని మోసే రాగి గీత) మొదట్లో 33 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టి అంచుని కాస్త వాలుగా చేస్తే ఎన్నో డెసిబెళ్ళు కలిసిరావడానికి కారణం ఇదే.

హార్మోనిక్స్ ఉన్నంత మాత్రాన అవి గాలిలోకి ఎగరవు. దానికి యాంటెన్నా కావాలి. అరచేతిలో పట్టే బోర్డు 50 మెగాహెర్ట్జ్ దగ్గర మంచి యాంటెన్నా కాదు, ఆ ఫ్రీక్వెన్సీలో వేవ్‌లెంగ్త్ 6 మీటర్లుంటుంది. కానీ బోర్డుకి తగిలించిన మీటరు, మీటరున్నర కేబుల్ మాత్రం చక్కటి యాంటెన్నా.

మామూలు సిగ్నల్ కరెంటు కేబుల్‌లో ఒక వైరు మీద వెళ్ళి పక్క వైరు మీద తిరిగొస్తుంది. రెండూ దగ్గరగా, ఎదురెదురు దిశల్లో పోతాయి కాబట్టి బయటికి వచ్చే ఫీల్డ్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దీన్ని డిఫరెన్షియల్ మోడ్ అంటారు. మరో రకం కరెంటు కేబుల్‌లోని వైర్లన్నిటి మీదా ఒకే దిశలో పోయి, కేబుల్‌కీ పరిసరాలకీ మధ్య ఉండే కెపాసిటెన్స్ గుండా తిరిగొస్తుంది. ఇది కామన్ మోడ్. స్కీమాటిక్‌లో దీన్ని ఎవరూ గీయరు, ఎవరూ కావాలని పెట్టరు. అయినా గాలిలోకి వెలువడే నాయిస్‌ని కొలిచే రేడియేటెడ్ టెస్టులో ఫెయిలయ్యే బోర్డుల్లో ఎక్కువ శాతానికి దోషి ఇదే.

ఎంత కరెంటు ఉంటే ఫెయిలవుతుందో లెక్క కట్టి చూద్దాం. మీటరు పొడవున్న కేబుల్, 50 మెగాహెర్ట్జ్, 3 మీటర్ల దూరంలో యాంటెన్నా. అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇళ్ళలో వాడే పరికరాలకి పెట్టిన క్లాస్ బీ హద్దు అక్కడ మీటరుకి 100 మైక్రోవోల్టులు. ఆ హద్దు దాటడానికి కేబుల్ మీద 5 మైక్రోయాంపియర్ల కామన్ మోడ్ కరెంటు చాలు. అదే పది చదరపు సెంటీమీటర్ల లూప్‌లో తిరిగే డిఫరెన్షియల్ మోడ్ కరెంటయితే ఆ హద్దు చేరడానికి నాలుగైదు మిల్లీయాంపియర్లు కావాలి, అంటే దాదాపు వెయ్యి రెట్లు. మిల్లీయాంపియర్లలో ఆలోచించడం అలవాటైన డిజైనర్‌కి మైక్రోయాంపియర్లు కంటికి ఆనవు. ఈఎంసీ మంత్రవిద్యలా కనబడడానికి పెద్ద కారణం ఇదేనని నాకనిపిస్తుంది. అందులో మాయ ఏమీ లేదు, కొలత స్థాయి మారిందంతే.

వెనక్కి వచ్చే దారి

మరి ఆ 5 మైక్రోయాంపియర్లు ఎక్కడ పుడతాయి? చాలాసార్లు సమాధానం గ్రౌండ్ ప్లేన్‌లో, అంటే కరెంటు తిరిగి రావడానికి బోర్డులో పరిచిన రాగి పొరలో దొరుకుతుంది.

సిగ్నల్ ట్రేస్ మీద కరెంటు ఎంత వెళ్తుందో అంతా తిరిగి రావాలి. కిలోహెర్ట్జ్‌లలో అది తక్కువ రెసిస్టెన్స్ ఉన్న అడ్డదారిలో, ప్లేన్ అంతా పరుచుకుని వస్తుంది. మెగాహెర్ట్జ్‌లలోకి పోయేసరికి ఇండక్టెన్స్‌దే పెత్తనం. నీరు పల్లమెరిగినట్టు, కరెంటు తక్కువ ఇండక్టెన్స్ ఉన్న దారి వెతుక్కుంటుంది, ఆ దారి సరిగ్గా ట్రేస్ కిందనే ఉంటుంది. అందుకే ట్రేస్ కింద తెగని ప్లేన్ ఉంటే, వెళ్ళే కరెంటూ వచ్చే కరెంటూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని పోతాయి.

ఇప్పుడు ఆ ప్లేన్‌లో అడ్డంగా ఒక చీలిక పెట్టండి. అనలాగ్ గ్రౌండ్ వేరు, డిజిటల్ గ్రౌండ్ వేరు అని విడదీసి, ఆ చీలిక మీదుగానే క్లాక్ ట్రేస్ లాగేశారనుకోండి. తిరిగొచ్చే కరెంటు చీలిక చుట్టూ తిరిగి రావాలి. లూప్ పెద్దదవుతుంది, చీలికకి అటూ ఇటూ ఉన్న రాగి మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా వస్తుంది. అటువైపు ఒక కేబుల్, ఇటువైపు ఒక కేబుల్ ఉన్నాయంటే ఆ రెండూ కలిసి ఒక డైపోల్ యాంటెన్నా, మధ్యలో ఆ మిల్లీవోల్టులే దాన్ని నడిపే జనరేటర్. ప్లేన్‌ని ముక్కలు చేయమని చెప్పే పాత సలహా ఇంకా చాలా అప్లికేషన్ నోట్లలో కనిపిస్తూనే ఉంది. ఒకే బోర్డు మీద ఎక్కువ సందర్భాల్లో తెగని ఒక్క ప్లేన్ ఉంచి, అనలాగ్ భాగాన్ని ఒక పక్కకీ డిజిటల్ భాగాన్ని మరో పక్కకీ అమర్చుకోవడమే మేలు.

దీని పక్కనే ఇంకో అపోహ ఉంది. నాయిస్‌ని గ్రౌండ్‌కి పంపేస్తే భూమిలో కలిసిపోతుందట. విమానంలో వందల ఎలక్ట్రానిక్ పెట్టెలుంటాయి, ఎగురుతున్నప్పుడు ఒక్కదానికీ భూమితో వైరు ఉండదు, అయినా అవి కఠినమైన ఈఎంసీ పరీక్షలు పాసయినవే. ఎర్త్ వైరు మనిషికి షాక్ కొట్టకుండా కాపాడడానికి. 100 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు మీటర్ల ఎర్త్ వైరు నాయిస్‌ని ఎక్కడికీ తీసుకుపోదు, అదే ఒక యాంటెన్నా అవుతుంది. నాయిస్‌కి కావలసింది అది పుట్టిన చోటికి తిరిగి చేరే దగ్గరి దారి. ఆ దారి మనం ఇవ్వకపోతే అది వెతుక్కుంటుంది, ఆ వెతుక్కున్న దారి మనకి నచ్చదు.

షీల్డింగ్‌లోనూ ఇలాంటి కిటుకే ఉంది. మెటల్ పెట్టెకి చిన్న రంధ్రాలు వంద ఉన్నా ఫర్వాలేదు, సన్నటి పొడవాటి సందు ఒక్కటి ఉంటే కొంప మునుగుతుంది. ఎంత వైశాల్యం తెరిచి ఉందన్నది కాదు, ఆ సందు పొడవెంత అన్నదే లెక్క. 1 గిగాహెర్ట్జ్‌లో వేవ్‌లెంగ్త్ 30 సెంటీమీటర్లు కాబట్టి, మూత అంచున 15 సెంటీమీటర్ల సందు వెంట్రుక మందమే ఉన్నా మంచి యాంటెన్నాగా పనిచేస్తుంది. స్క్రూల మధ్య దూరం తగ్గించమని మెకానికల్ డిజైనర్‌ని ఈఎంసీ ఇంజనీర్ బతిమాలేది ఇందుకే. కేబుల్ షీల్డ్‌ని కనెక్టర్ చుట్టూ 360 డిగ్రీలూ తాకేలా బిగించకుండా, జడలా మెలిపెట్టి ఒక్క పిన్నుకి టంకం వేస్తే పై ఫ్రీక్వెన్సీల్లో ఆ షీల్డ్ పెట్టిన డబ్బు వృథా.

ఇక పవర్ సప్లై. స్విచింగ్ సప్లైలో కామన్ మోడ్ నాయిస్‌ని వెనక్కి మళ్ళించడానికి వై కెపాసిటర్లు వాడతారు. వాటి విలువ ఎంత పెంచితే నాయిస్ అంత తగ్గుతుంది. కానీ అవి మెయిన్స్‌కీ, మనిషి తాకే భాగానికీ మధ్య ఉంటాయి. 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లో 4.7 నానోఫారడ్ కెపాసిటర్ గుండా సుమారు 0.34 మిల్లీయాంపియర్ లీకేజీ పోతుంది. రెండు పిన్నుల చార్జర్‌కి తగిలించిన మెటల్ లాప్‌టాప్ మీద చెయ్యి రాస్తే సన్నగా జిలజిలమనేది ఇదే. మెడికల్ పరికరాల్లో రోగి శరీరం గుండా పోయే లీకేజీకి మామూలు పరిస్థితుల్లో హద్దు 0.1 మిల్లీయాంపియర్, గుండెకి నేరుగా తగిలే భాగాలకైతే 0.01. అక్కడ వై కెపాసిటర్ పెంచి బయటపడే వీలు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి వైండింగ్ అమరిక దగ్గరికే వెళ్ళాలి. సేఫ్టీ టీమూ ఈఎంసీ టీమూ వేర్వేరు గదుల్లో కూర్చుంటే ఈ పేచీ ప్రొడక్ట్ చివరి దశలో బయటపడుతుంది.

చాంబర్ లోపల

రేడియేటెడ్ ఎమిషన్ కొలిచే గది గోడలకి ఫెరైట్ పలకలు, కార్బన్ నింపిన నురుగు పిరమిడ్లు ఉంటాయి. బయటి రేడియో సిగ్నళ్ళు లోపలికి రావు, లోపలివి గోడలకి తగిలి తిరిగి రావు. పరికరాన్ని తిరిగే బల్ల మీద పెడతారు. 3 లేదా 10 మీటర్ల దూరంలో ఉన్న యాంటెన్నాని 1 నుంచి 4 మీటర్ల ఎత్తు దాకా కదుపుతూ, బల్లని చుట్టూ తిప్పుతూ, ప్రతి ఫ్రీక్వెన్సీలోనూ అన్నిటికన్నా ఎక్కువ వచ్చే విలువని పట్టుకుంటారు. మెయిన్స్ వైరు మీదుగా పోయే నాయిస్‌ని మాత్రం 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా లిస్న్ అనే పెట్టె ద్వారా విడిగా కొలుస్తారు.

కొలిచే రిసీవర్‌లో క్వాసీ పీక్ అనే డిటెక్టర్ ఉంటుంది. అరుదుగా వచ్చే టిక్కుకి తక్కువ మార్కులు, పదే పదే వచ్చేదానికి ఎక్కువ మార్కులు వేస్తుంది. పాతకాలపు రేడియో శ్రోతకి ఏది ఎంత చికాకు కలిగిస్తుందన్న దాన్నిబట్టి చేసిన అమరిక అది. డిజిటల్ యుగంలోనూ కొనసాగుతోంది. క్లాక్ ఫ్రీక్వెన్సీని కావాలని కాస్త అటూ ఇటూ ఊపే స్ప్రెడ్ స్పెక్ట్రమ్ పద్ధతికి మార్కులు బాగా రావడానికీ ఇలాంటి కారణమే ఉంది. 30 నుంచి 1000 మెగాహెర్ట్జ్ మధ్య రిసీవర్ ఒక్కసారికి 120 కిలోహెర్ట్జ్ వెడల్పే చూస్తుంది. శక్తిని అంతకన్నా వెడల్పుగా పరిస్తే కొలత తగ్గుతుంది, మొత్తం శక్తి మాత్రం అలాగే ఉంటుంది. ఇది చట్టబద్ధమే, మంచి పద్ధతే, కానీ బోర్డు లేఅవుట్ లోపానికి మందు కాదు.

ఇమ్యూనిటీ వైపు పరీక్షలు చూడడానికి మరింత దారుణంగా ఉంటాయి. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61000-4-2 ప్రకారం స్టాటిక్ డిశ్చార్జ్ గన్‌తో సాధారణంగా 4 కిలోవోల్టులు నేరుగా తాకించి, 8 కిలోవోల్టులు గాలిలోంచి కొడతారు. ఆ కరెంటు నానోసెకను కూడా పట్టకుండా లేస్తుంది. మెడికల్ పరికరాలకి ఐఈసీ 60601-1-2లో ఇవి 8, 15 కిలోవోల్టులు. తలుపు గడియ ముట్టుకుంటే చురుక్కుమన్న ప్రతిసారీ మన వేలి చివర సుమారు 3 కిలోవోల్టులైనా ఉన్నట్టే, కాబట్టి ఈ అంకెలు గాల్లోంచి పుట్టినవి కావు. తర్వాత రిలేలు, మోటార్లు పుట్టించే వేగవంతమైన బరస్ట్‌లు, పిడుగుపాటు వల్ల లైన్లో వచ్చే సర్జ్, కరెంటు ఒక్క క్షణం పడిపోయి లేవడం, ఇలా వరసగా సాగుతుంది.

ఇక్కడ పాసవడం అంటే ఏమిటో చాలామందికి తెలియదు. క్రైటీరియన్ ఏ అంటే పరీక్ష జరుగుతున్నంతసేపూ పరికరం మామూలుగా పనిచేయాలి. బీ అంటే కాసేపు తడబడినా తనంతట తాను కోలుకోవాలి. సీ అంటే వాడేవాళ్ళు రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. స్టాటిక్ దెబ్బకి చాలా ప్రమాణాలు బీ చాలంటాయి, రేడియో ఫీల్డ్‌కి మాత్రం క్రైటీరియన్ ఏ కావాలి. అయితే ఆ పరికరం మామూలుగా పనిచేయడం అంటే ఏమిటో పరీక్షకి ముందే తయారీదారు రాసి ఇవ్వాలి. స్క్రీన్ వెలిగి ఉంటే చాలా, లేక సెన్సర్ రీడింగ్ ఒక శాతం లోపు నిలబడాలా? ఈ కాగితం ఏదో ఒకటి గీకి ఇస్తే మొత్తం ఇమ్యూనిటీ రిపోర్టుకే అర్థం పోతుంది.

చాంబర్‌లో పాసయినంత మాత్రాన ఎక్కడ పెట్టినా ఇబ్బంది ఉండదనుకోవడం కూడా సరికాదు. యూఎస్‌బీ 3.0 సిగ్నల్ వేగం సెకనుకి 5 గిగాబిట్లు, దాని నాయిస్ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీదుగా పరుచుకుంటుంది. యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ పక్క పోర్టులోనే వైర్‌లెస్ మౌస్ రిసీవర్ పెడితే మౌస్ తడబడుతుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం ప్రచురించింది. పరీక్షల్లో పాసయిన రెండు పరికరాలు కూడా ఇలా తగువులాడగలవు, ఎందుకంటే హద్దులు మీటర్ల దూరానికి రాసినవి, సెంటీమీటర్లకి కాదు. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో రిసీవర్‌ని కాస్త జరిపితే మౌస్ చాలావరకు దారికొస్తుంది.

ఎవరి మాట మీద గుర్తు పడుతుంది

రేడియో ఇంటర్‌ఫెరెన్స్ మీద దేశాలన్నీ కలిసి పనిచేయడం చాలా పాత సంగతి. సిస్పర్ కమిటీ 1934లో పుట్టింది. అమెరికాలో ఇంటి కంప్యూటర్లు టీవీలను చెడగొడుతుంటే 1979లో ఎఫ్‌సీసీ డిజిటల్ పరికరాలకి కొత్త హద్దులు పెట్టింది. అప్పట్లో బాగా అమ్ముడుపోయిన టీఆర్ఎస్-80 మోడల్ 1 ఎంత గోల చేసేదంటే, పక్కన ఏఎం రేడియో పెట్టి దాంట్లోంచే గేముల సౌండ్ వినేవాళ్ళు. కొత్త హద్దులు అది అందుకోలేకపోయింది, 1981 మొదట్లో అమ్మకాలు ఆపేశారు. యూరప్ 1989లో ఈఎంసీ డైరెక్టివ్ అనే చట్టం తెచ్చింది, 1996 నుంచి అది తప్పనిసరి అయింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2014/30/ఈయూ.

అమెరికా, యూరప్ ధోరణుల్లో పెద్ద తేడా ఉంది. ఎఫ్‌సీసీ సాధారణ డిజిటల్ పరికరాలకి ఎమిషన్ హద్దులే పెడుతుంది, ఇమ్యూనిటీ అడగదు. వస్తువుల వెనక కనబడే పార్ట్ 15 వాక్యం చదవండి. ఇది హాని చేసే ఇంటర్‌ఫెరెన్స్ కలిగించకూడదు, తనకి వచ్చే ఇంటర్‌ఫెరెన్స్‌ని మాత్రం భరించాలి అని ఉంటుంది. దాన్ని చదివి ఆ పరికరం అన్నీ తట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. దాని భావం అది కాదు. మీ పరికరం బయటి సిగ్నళ్ళతో చెడిపోయినా ఫిర్యాదు చేసే హక్కు మీకు లేదని చెబుతోంది. యూరప్ చట్టం మాత్రం ఎమిషన్, ఇమ్యూనిటీ రెండూ అడుగుతుంది. ఈ ఒక్క విషయంలో యూరప్ దారే సరైనదని నా అభిప్రాయం. కొనేవాడు ఇమ్యూనిటీని షాపులో పరీక్షించుకోలేడు కదా.

ఇక యూరప్‌లో అమ్మే వస్తువుల మీద కనబడే సీఈ గుర్తు. ప్రభుత్వం పరీక్షించి ఇచ్చే ముద్ర అనీ, నాణ్యతకి గుర్తు అనీ ఎంతోమంది అనుకుంటారు. ఈఎంసీ డైరెక్టివ్ కింద అది తయారీదారు తనంతట తాను చేసే ప్రకటన. పరికరాన్ని అంచనా వేసి, టెక్నికల్ ఫైల్ తయారుచేసి, డిక్లరేషన్ ఆఫ్ కన్‌ఫార్మిటీ మీద సంతకం పెట్టి, గుర్తు వేసుకోవాలి. నోటిఫైడ్ బాడీని, అంటే ప్రభుత్వం గుర్తించిన బయటి సంస్థని పిలవడం ఐచ్ఛికం. చట్టానికి తగినవిగా యూరప్ గుర్తించిన హార్మొనైజ్డ్ ప్రమాణాల ప్రకారం పరీక్షిస్తే చట్టం అడిగింది నెరవేరినట్టు భావిస్తారు, కానీ బాధ్యత ల్యాబ్‌ది కాదు, సంతకం పెట్టినవాడిది. ల్యాబ్ రిపోర్టు ఒక సాక్ష్యం మాత్రమే. వైఫై, బ్లూటూత్ లాంటి రేడియో ఉంటే ఈ డైరెక్టివ్ పోయి 2014/53/ఈయూ రేడియో డైరెక్టివ్ వర్తిస్తుంది.

అమెరికాలో రేడియో లేని వస్తువుకి సప్లయర్ డిక్లరేషన్ పద్ధతి ఉంది, దానికి అమెరికాలోనే బాధ్యత వహించే ఒకరు ఉండాలి. రేడియో ఉంటే సర్టిఫికేషన్, ఎఫ్‌సీసీ ఐడీ తప్పవు. జపాన్ వీసీసీఐ, కొరియా కేసీ, ఆస్ట్రేలియా ఆర్‌సీఎం ఇలా ఎక్కడి గుర్తు అక్కడిదే. అయితే వీటిలో ఎమిషన్ హద్దులు చాలావరకు సిస్పర్ కుటుంబం నుంచి వచ్చినవే. అందుకే మొదటినుంచీ కఠినమైన హద్దుకి డిజైన్ చేసుకుంటే తర్వాత పని సగం తగ్గుతుంది.

చిన్న కంపెనీలు ఎక్కువగా దెబ్బతినే చోటు మాడ్యూళ్ళ దగ్గర. సర్టిఫికేట్ ఉన్న వైఫై మాడ్యూల్, సీఈ గుర్తున్న ఎడాప్టర్, సీఈ గుర్తున్న డిస్‌ప్లే తెచ్చి ఒక పెట్టెలో బిగిస్తే ఆ పెట్టెకి సీఈ వచ్చేసినట్టు కాదు. మూడూ విడివిడిగా నిశ్శబ్దంగా ఉండి, కలిపిన కేబుళ్ళ వల్ల గోల పుట్టవచ్చు. మాడ్యూల్ అప్రూవల్ కాపాడేది దానిలోని రేడియో భాగాన్ని, అదీ రాసిన రకం యాంటెన్నాతో, రాసిన షరతుల్లో వాడినప్పుడే. మిగతా బోర్డు అంతా పరీక్షకి నిలబడాల్సిందే. యాంటెన్నా మార్చారంటే మొదటికొచ్చినట్టే.

క్లాస్ ఏ, క్లాస్ బీ తేడా కూడా మొదట్లోనే తేల్చుకోవాలి. క్లాస్ ఏ పరిశ్రమలకి, క్లాస్ బీ ఇళ్ళకి. సిస్పర్ 32లో క్లాస్ ఏ హద్దు చాలా చోట్ల 10 డెసిబెళ్ళు వదులుగా ఉంటుంది, అంటే ఫీల్డ్ మూడు రెట్లకి పైగా ఉండనిస్తుంది. బీ పాసవలేక, పేరుకి క్లాస్ ఏ అని రాసి ఇళ్ళకి అమ్మడం మోసం. అబర్‌హోసన్ లాంటి ఊళ్ళు అలా కూడా తయారవుతాయి.

పాసయిన తర్వాత

టెస్టు రిపోర్టు పరీక్షకి పెట్టిన ఆ ఒక్క నమూనా గురించి చెబుతుంది. ఆర్నెల్ల తర్వాత ఫ్యాక్టరీలో తయారయ్యేది అదేనా? పర్చేజ్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు చౌకగా దొరికిందని మాస్‌ఫెట్ (పవర్ సప్లైలో స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) మారుస్తారు. స్పెసిఫికేషన్ అంతా ఒకటే, స్విచింగ్ మాత్రం రెట్టింపు వేగం. చిప్ తయారీదారు అదే పార్ట్ నంబరుతో కొత్త ప్రాసెస్‌లోకి మారతాడు, చిప్ చిన్నదవుతుంది, అంచులు నిటారవుతాయి, డేటాషీట్‌లో కనిష్ఠ రైజ్ టైమ్ ఎవరూ రాయరు. కేబుల్ సప్లయర్ మారి షీల్డ్ అల్లిక పలచబడుతుంది. ఏ ఒక్కటీ పనితీరు టెస్టులో బయటపడదు. అన్నీ ఎమిషన్‌లో కనబడతాయి.

దీనికి ప్రతిసారీ చాంబర్‌కి పరుగెత్తనక్కర్లేదు. కేబుల్ చుట్టూ బిగించి కరెంటు కొలిచే ఆర్‌ఎఫ్ కరెంట్ క్లాంప్ ఒకటి, మామూలు స్పెక్ట్రమ్ ఎనలైజర్ ఒకటి ఉంటే బల్ల మీదే ప్రతి కేబుల్ మీదా కామన్ మోడ్ కరెంటు చూసుకోవచ్చు. పాసయిన నమూనా మీద ఆ కొలతలు తీసి ఫైల్‌లో పెట్టుకుంటే, ఏ మార్పు వచ్చినా పాత గ్రాఫ్ మీద కొత్త గ్రాఫ్ వేసి పోల్చవచ్చు. ఎక్కడైనా 6 డెసిబెళ్ళు పెరిగిందంటే అప్పుడు ల్యాబ్‌కి వెళ్ళాలి. డిజైన్ దశలో ఇదే సామాను ఇంకా ఎక్కువ ఉపయోగపడుతుంది, మొదటి ప్రోటోటైప్ చేతికి రాగానే క్లాంప్ తగిలించి చూస్తే ఆ 5 మైక్రోయాంపియర్లు ఏ కేబుల్ మీద కూర్చున్నాయో ఆ పూటే తెలుస్తుంది.

యూరప్ చట్టం ప్రకారం వస్తువు మార్కెట్లోకి వెళ్ళాక టెక్నికల్ ఫైల్‌ని 10 ఏళ్ళు దాచాలి. అధికారులు అడిగిన రోజున ఫైల్‌లోని స్కీమాటిక్, పార్టుల జాబితా, షాపులోంచి వాళ్ళు కొనుక్కొచ్చిన పెట్టె లోపలి బోర్డు మూడూ ఒకటే అయి ఉండాలి. మార్పు చేసిన ప్రతిసారీ ఏం మారింది, ఎందుకు మారింది, మళ్ళీ కొలిచి చూశారా, ఎవరు ఒప్పుకున్నారు అన్న నాలుగు లైన్లు తేదీతో సహా రాసి ఆ ఫైల్‌లోనే ఉంచాలి.